నచ్చిన ఊరు, ఉండే ఊరు

రండి, ఆ పీట ఇటు జరుపుకోండి. పొగ అటు పోతోంది, ఇటువైపే హాయి. ధనుర్మాసమైనా మా ఆత్మకూరులో మరీ వణికించే చలి ఉండదు, ఒక దుప్పటి చాలు. అయినా పొద్దుగూకాక పెరట్లో నాలుగు ఎండు కొమ్మలూ రెండు కొబ్బరి మట్టలూ వేసి మంట పెట్టుకుంటే కబుర్లు వాటంతటవే వస్తాయి. టీ చల్లారకముందే తాగండి. మీరు అడిగిన మాటకే వస్తున్నా.

ఉద్యోగాలు అయిపోయాక కొండల పక్కన చిన్న ఊరు చూసుకుని ఉండిపోదామనుకుంటున్నాం అన్నారు కదా. ఐదేళ్ళ కిందట మేమిద్దరం హైదరాబాదులో అద్దింటి బాల్కనీలో కూర్చుని సరిగ్గా ఇదే అనుకున్నాం. మా ఆయనకు నీలగిరుల్లో కోటగిరి మీద మనసుండేది. ఒకసారి మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కి వెళ్ళొచ్చాక అక్కడైనా సరే అన్నారు. లంబసింగి చలి గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచేవారు. నేను మాత్రం ఒక్కటే అన్నాను: పెద్దతనంలో అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడ నొప్పిగా ఉందో, ఎట్లాంటి నొప్పో తెలుగులో చెప్పుకోవాలి, విన్నవాళ్ళకు అర్థం కావాలి. నేను పుట్టింది పెన్న ఒడ్డున. కొండలు కావాలంటే మా జిల్లాకే పడమటి గోడలాగా వెలిగొండలు లేవా అన్నాను. అట్లా వచ్చింది ఉదయగిరి మాట.

ఏ ఉదయగిరి అని కూడా చెప్పాలి. భువనేశ్వరం పక్కన గుహల ఉదయగిరి ఉంది, విదిశ దగ్గర గుప్తుల కాలంనాటిది ఇంకొకటి, కన్యాకుమారి జిల్లాలో కోట ఉన్నది మరొకటి. ఆత్మకూరులకూ కొదవలేదు, శ్రీశైలం అడవి దగ్గర ఒకటి, వనపర్తి వైపు ఒకటి. తపాలా శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినదాన్ని, ఈ ఆత్మకూరుల మధ్య దారి తప్పి తిరిగిన ఉత్తరాలు ఎన్ని చూశానో. 1972లో పిన్‌కోడు పెట్టింది ఇట్లాంటి ఊళ్ళ పేర్ల తికమక తీర్చడానికి కూడా. 524తో మొదలైతే మా నెల్లూరు వైపుది, 518 అయితే కర్నూలు వైపుది. నేను చెప్పేవి రెండూ 524 ఊళ్ళే.

మొదటిసారి ఉదయగిరిలో దిగినప్పుడు కార్తీకమాసం. తప్పు అక్కడే జరిగింది, తర్వాత చెప్తాను. నెల్లూరు జిల్లాకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే కదా, ఆశ్వయుజం, కార్తీకాల్లో పడుతుంది. ఆ వారం ముందే పడి ఆగింది. దుర్గం కొండ నెత్తిన మబ్బు కూర్చుని ఉంది. బండల మీద నుంచి సన్నగా నీళ్ళు జారుతున్నాయి. బస్టాండు బయట తట్టల్లో సీతాఫలాలు, కొండ మీద నుంచి కోసుకొచ్చినవి, కళ్ళు విచ్చుకుని పసుప్పచ్చగా ఉన్నాయి. మా ఆయన అక్కడే నిలబడి రెండు తిని, ఇక ఊరు చూడక్కర్లేదన్నారు.

ఆ దుర్గం సంగతి కొంచెం చెప్పనివ్వండి, చెప్పకపోతే నాకు తోచదు. ఎత్తు 3,079 అడుగులు. ఒకప్పుడు అక్కడున్నది ఒక కోట కాదు, పదమూడు: కొండ మీద ఎనిమిది, కింద ఐదు. ఒడిశా గజపతుల చేతిలో ఉండేది. 1513లో కృష్ణదేవరాయలు వచ్చి చుట్టుముట్టాడు. ఏడాదిన్నర పట్టిందని పోర్చుగీసు నూనిజ్ రాసిపెట్టాడు, బండలు పగలగొట్టించి దారులు వేసుకుంటూ ఎక్కాల్సి వచ్చిందట. 1514లో కోట లొంగింది. ఇక్కడి గుళ్ళో ఉన్న బాలకృష్ణుణ్ణి రాయలు హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. నేను అక్కడికి వెళ్ళినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. మా ఊరి పిల్లవాడు ఇల్లు వదిలి ఎన్ని ఊళ్ళు తిరిగాడో అనిపించింది.

తర్వాత గోల్కొండ వాళ్ళు వచ్చారు, కొండ మీద మసీదు వాళ్ళ కాలందే. ఆ తర్వాత ఆర్కాటు నవాబు కింద జాగీరైంది. 1839లో కుట్ర చేశాడని కంపెనీ వాళ్ళు చివరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపేశారు. ఆనాటి నుంచి కొండ మీద కాపురముండే రాజు లేడు. గోడలున్నాయి, కోనేళ్ళున్నాయి, మండపాలున్నాయి. గుప్తనిధులని ఎవరెవరో తవ్విన గుంతలు కూడా ఉన్నాయి. ఒక మండపంలో గచ్చు మొత్తం పెళ్ళగించి పడేశారు. అది చూసినరోజు నాకు అన్నం సయించలేదు. మీరెక్కితే రాయి మీద పేరు చెక్కేవాళ్ళను చూస్తే ఆపండి, నేను ఆపాను.

కోట చూసి దిగుతున్నప్పుడు నాకొక సంగతి తట్టింది. ఎవరూ పైకి రాకూడదని రాజులు ఏరుకున్న చోటు ఇది. ఏడాదిన్నర రాయలనే ఆపింది. మనమేమో అదే చోటును డాక్టరు రావాలి, గ్యాసు బండి రావాలి, పిల్లలు పండక్కి రావాలి అనుకుంటూ ఏరుకుంటున్నాం. ఆ రోజు ఈ మాట పైకి అనలేదు. అనుంటే బాగుండేది.

మొదట అక్కడ స్థలం కొందామనుకున్నాం. మధ్యవర్తి ఒకాయన ఊరి చివర పది సెంట్లు చూపించాడు. నిలబడితే దుర్గం నిండుగా కనపడుతుంది, పక్కన నాలుగు వేపచెట్లు. బయానా ఇవ్వబోతుంటే అటు మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "ఏందమ్మా, ఈడ ఇల్లు కడతారా? ఇది వాగు గదా" అన్నాడు. చూస్తే నిజమే, నేలంతా గులకరాళ్ళు. నీళ్ళు లేనప్పుడు వాగు స్థలంలాగే ఉంటుంది. మర్నాడు తహసీల్దారు కార్యాలయంలో సర్వే మ్యాపు తీయిస్తే సగం వాగు పోరంబోకు అని తేలింది. కాబట్టి ఈ కొండల కింద ఎక్కడ కొన్నా ఈసీ ఒక్కటే చూసి ఊరుకోకండి. అడంగల్, ఎఫ్ఎంబీ స్కెచ్ చూడండి, రిజిస్ట్రేషన్ కార్యాలయంలో 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అన్నిటికంటే ముందు అటు మేకలు తోలేవాళ్ళను అడగండి. కొండకింది వాగులు ఏడేళ్ళు ఎండి, ఎనిమిదో ఏడు ఒక్క రాత్రిలో వస్తాయి.

సరే, కొనడం మానేసి ఒక మిద్దె అద్దెకు తీసుకున్నాం. ఒక సంవత్సరం ఉండి చూద్దామన్నాం. మా జీవితంలో మేం చేసిన మంచి పని అదే.

కార్తీకం పోయింది, పుష్యం పోయింది, శివరాత్రి దాకా స్వర్గమే. సీతారామపురం దాటి అడవిలో ఘటిక సిద్ధేశ్వరం వెళ్ళాం. భైరవకోనకు వెళ్ళాం, ఒకే కొండను తొలిచి ఎనిమిది గుళ్ళు చేసిన చోటు అది. ఒక్కొక్క శివుడి ముందూ విడిగా కూర్చోవాలనిపించింది. ఫాల్గుణం వచ్చేసరికి కొండ మీద నీటిజాడ ఆగింది. మేలో కొండ రంగే మారిపోయింది. మా ఆయన ఊహించుకున్నది చల్లటి కొండ ఊరు. కానీ ఎత్తున్నది కొండకే, ఊరు దాని పాదాల దగ్గర పల్లంలో ఉంది. పగలంతా బండ ఎండకు కాగుతుంది, పొద్దుగూకాక ఆ వేడంతా ఊరి మీదికి వదులుతుంది. రోహిణి కార్తెలో రాత్రి పది దాటినా మిద్దె మీద కాలు పెట్టలేకపోయాం. తడి గోనెపట్టాలు కిటికీలకు కట్టుకుని పడుకున్నాం. ఇది ఊరి తప్పు కాదు. మేం కార్తీకంలో చూసి ఎంచుకున్నాం, అదీ మేం చేసిన తప్పు.

ఎండనైనా ఓర్చుకోవచ్చు. నీళ్ళ సంగతి వేరు. ఉదయగిరి, వింజమూరు, వరికుంటపాడు, ఇదంతా మెట్ట. చెరువులు వానను నమ్ముకున్నవి, బోర్లు లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు. మిద్దె బోరు నీళ్ళతో పప్పు ఉడకలేదు, కుక్కర్లో ఎన్ని కూతలు వచ్చినా గింజ గట్టిగానే ఉంది. సీసాలో పట్టించి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించాం. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మా బోరు దాటింది. ఆ రోజు నుంచి తాగడానికీ వండడానికీ ఇరవై లీటర్ల క్యాన్లే. క్యాను మెట్లెక్కించి తెచ్చే పిల్లవాడు రెండు రోజులు రాకపోతే ఇల్లు ఆగిపోయేది. మేమిద్దరం పింఛన్ల మీద బతికేవాళ్ళం, క్యాన్లు కొనగలం. కొనలేనివాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. పళ్ళు గారపట్టిన పిల్లలను బడి దగ్గర చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయేది.

ఇక్కడికి పెద్ద దూరం కాదు సోమశిల. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం. శ్రీశైలంలో బయల్దేరిన తెలుగుగంగ వెలుగోడు మీదుగా సోమశిలకు వచ్చి, కండలేరు చేరి, అక్కడి నుంచి చెన్నై పూండికి పోతుంది. 1983లో చేసుకున్న ఒప్పందం అది. చెన్నై వాళ్ళు తాగాల్సిందే, దాహానికి రాష్ట్రం లేదు. వాళ్ళకు అన్ని వందల కిలోమీటర్లు నీళ్ళు తీసుకుపోగలిగిన మనుషులు ఈ మెట్టకు ఎందుకు తీసుకురాలేకపోయారని మాత్రం అడుగుతాను. సోమశిల హైలెవల్ కాలువ అన్నారు, శ్రీశైలం నీళ్ళు కొండలోపలి సొరంగాల్లోంచి వెలిగొండ ప్రాజెక్టుకు వస్తాయన్నారు. ఉదయగిరి రైతును ఎప్పుడు కదిపినా ఈ రెండు పేర్లే చెప్తాడు. ఊరి పక్కన గండిపాలెం జలాశయం ఉంది, వానొచ్చిన ఏడు దాని కింద పచ్చగా ఉంటుంది.

మంట తగ్గింది, ఆ మట్ట ఇటు తోయండి. అట్లా.

ఇన్ని చెప్పి కూడా ఆ ఊరంటే నాకెందుకంత ఇష్టమో చెప్పకపోతే అన్యాయం. మా మిద్దె వెనక వీధిలో చెక్క గరిటెలు చేసే ఇళ్ళున్నాయి. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేసేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిం ఆడవాళ్ళు. నర్ది, దేవదారి, కల్ది, బిక్కి, పాలబరికె అని ఆ కొండ చుట్టుపక్కల దొరికే కర్రల పేర్లు వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. కర్ర ముక్కను కోసి, చెక్కి, ఆకురాయితో రుద్ది రుద్ది నునుపు చేస్తారు. పిడికి చేప ఆకారమో, పూల తీగో వస్తుంది. మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు గడప మీద కూర్చుని ఒకామె రుద్దుతుంటే నేను పక్కన కూర్చునేదాన్ని. "పిన్నమ్మా, దీనికి నూనె రాసి పెట్టుకో, నీ మనవరాలి పెళ్ళిదాకా ఉంటది" అని ఒకటి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. నాలుగేళ్ళుగా మా ఇంట్లో పెరుగు దాంతోనే వడ్డిస్తున్నాను, పులుపు పట్టలేదు, పగలలేదు. కర్ర దొరకడం కష్టమవుతోందని, రోజంతా రుద్దినా గిట్టుబాటు అంతంతమాత్రమేనని ఆమె చెప్పేది. నగరంలో దుకాణాల్లో అవే గరిటెలకు వేసిన ధర చూశాక ఆమె ముఖమే గుర్తొచ్చింది.

ఇక ఆ రాత్రి. శ్రావణమాసం, ఒంటిగంట దాటింది. మా ఆయన లేచి కూర్చుని ఛాతీ పట్టుకున్నారు, ఒళ్ళంతా చెమట. పక్కవాటా వాళ్ళను లేపాను. ఊళ్ళో ఆసుపత్రిలో చూసి, మాత్రలు వేసి, గుండె డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకుపొమ్మన్నారు. గుండె డాక్టరంటే నెల్లూరు. దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. కారు దొరికి బయల్దేరేసరికి రెండయింది. దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, ఒక్కొక్క ఊరి దీపాలు వచ్చి వెనక్కి పోతుంటే మధ్యలో చీకటి. నా చేతిలో ఆయన చెయ్యి చల్లగా ఉంది. ఆ దారి ఎంత పొడుగో నాకు కిలోమీటర్లలో కాదు, ఆయన ఊపిరిలో తెలుసు. తెల్లవారకముందే చేరాం, స్టెంటు వేశారు, బతికారు. పక్కవాటా అబ్బాయి మూడు రోజులు ఆసుపత్రి వరండాలోనే పడుకున్నాడు. మా సొంత కొడుకు విమానం దిగి వచ్చేదాకా వాడే మా కొడుకు.

ఇంటికి వచ్చాక ఆయన, "ఇక్కడే ఉందాం, ఇట్లాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనుషులు మంచివాళ్ళని వాళ్ళ అర్ధరాత్రి నిద్రల మీద మన బతుకు ఆనించకూడదు. ఆ నెలలోనే ఆత్మకూరులో ఈ ఇల్లు చూసుకున్నాం.

ఆత్మకూరు చూడగానే మనసు పడే ఊరు కాదు. పొడుగాటి బజారు, దుమ్ము, లారీలు. కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరు మీదుగా బద్వేలు, మైదుకూరు వైపు పోయే 67వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. కానీ సర్కారు ఆసుపత్రి ఉంది, మందుల షాపులున్నాయి, నెల్లూరుకు బస్సులు చీకటిపడ్డా దొరుకుతాయి. గట్టిగా గంటన్నరలో గుండె డాక్టరు ముందు ఉండగలం. సోమశిల, అనంతసాగరం వైపు వెళ్తే కాలువల కింద వరి పచ్చగా కనపడుతుంది. కాస్త పైకి వెళ్తే అనుమసముద్రంపేట దర్గా, మనసు బాగాలేనివాళ్ళను ఎక్కడెక్కడినుంచో అక్కడికి తీసుకొస్తారు, మతం చూడరు. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం కూడా ఆత్మకూరు మీదుగానే. పెరటి బావి నీళ్ళతో పప్పు ఉడుకుతుంది. ఇల్లు తీసుకునే ముందు నేను చూసింది ఇదే, ఒక చెంబు నీళ్ళు అడిగి గుప్పెడు కందిపప్పు అక్కడే పొయ్యి మీద పెట్టించాను. ఇంటామె వింతగా చూసింది. చూడనివ్వండి.

కాబట్టి నా తీర్పు అడిగితే ఇది. నలభై, యాభై ఏళ్ళ మధ్య ఉండి, ఒంట్లో ఏ జబ్బూ లేక, ఆ మట్టిలో చెట్లు పెంచుకోవాలనో, ఆ గరిటెలు చేసేవాళ్ళకు మంచి అమ్మకం చూపించాలనో పనిబెట్టుకుని వచ్చేవాళ్ళకు ఉదయగిరి కంటే మంచి ఊరు ఈ జిల్లాలో లేదు. ఆ ఊరికి అట్లాంటివాళ్ళు కావాలి కూడా. అరవై దాటినవాళ్ళు, మందుల డబ్బా వెంట ఉన్నవాళ్ళు ఆత్మకూరులో ఉండండి, కొండను బస్సు దూరంలో పెట్టుకోండి. ఎవరైనా సరే, ఒక్క ఎండాకాలం అద్దెకు ఉండకుండా కొనొద్దు. కార్తీకంలో ఊరు చూడొద్దు, రోహిణి కార్తెలో చూడండి.

మా పక్కవాటా అబ్బాయికి ఈ మాఘంలో పెళ్ళి. కొడుకు చేసినంత చేశాడు, మేం ముందు వరసలో ఉండాలి. అంతకుముందు ఈ ఆదివారం పొద్దున ఉదయగిరి బస్సెక్కుతున్నాం, నాకు గరిటె ఇచ్చిన ఆమె దగ్గర పన్నెండు గరిటెలు చెప్పి ఉంచాను, పెళ్ళికి వచ్చే మా వాళ్ళకు ఇవ్వడానికి. మీరూ రండి. మీకు కావాల్సినవి మీరే ఏరుకుని, ఆమె చెప్పిన ధరకు బేరమాడకుండా తీసుకోండి.